‘స్టాక్ లేదు’ అన్న మాట చీటీ మీదికి రావాలి

ప్రశ్న: మా అమ్మ పాకాల దగ్గర పల్లెలో ఉంటుంది. వయసు 62, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. రెండు నెలలుగా పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఆమె మాత్రల్లో రెండు రకాలు లేవంటున్నారు, బయట కొనుక్కోమంటున్నారు. నేను బెంగళూరులో ఉంటాను. ఉన్న మాత్రలు ఎక్కువ రోజులు రావాలని అమ్మ రోజు మార్చి రోజు వేసుకుంటోందని మొన్ననే తెలిసింది. ఉచితంగా ఇవ్వాల్సిన మందు ఇవ్వకపోతే ఎవరిని అడగాలి, ఎలా అడగాలి?

సమాధానం:

ముందు ఆ ‘రోజు మార్చి రోజు’ సంగతి చూద్దాం. ఇది చదివిన వెంటనే అమ్మగారికి ఫోన్ చేయండి. ఒకరోజు వేసుకుని ఒకరోజు మానేస్తే సగమైనా పని చేస్తుందిలే అని పల్లెల్లో చాలామంది అనుకుంటారు. అది తప్పు. బీపీ మాత్రల్లో ఆమ్లోడిపిన్ లాంటిది ఒంట్లో కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటివి మాత్రం ఉన్నట్టుండి ఆపితే గుండె దడ పుట్టి బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది, గుండె జబ్బు ఉన్నవాళ్లకైతే ప్రాణం మీదికే వస్తుంది. షుగర్ మాత్ర మానిన రోజున షుగర్ ఎలాగూ పెరుగుతుంది. అందుకని ఆఫీసుల చుట్టూ తిరిగే పని తర్వాత, ముందు ఒక నెలకు మాత్రలు కొని ఇంట్లో పెట్టండి. దగ్గర్లో జన ఔషధి దుకాణం (కేంద్ర ప్రభుత్వ పథకం కింద చవగ్గా మందులమ్మేది) ఉంటే అక్కడ కొనండి. బ్రాండు ధరలో సగం కంటే తక్కువకే వస్తాయి.

నేను చిత్తూరు జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో 31 ఏళ్లు ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయ్యే ముందు వరకూ మీ పాకాల కూడా మా జిల్లాలోదే. కొండకింది పీహెచ్‌సీల్లో పనిచేశాను, ఏరియా ఆసుపత్రిలో పనిచేశాను. ‘లేదమ్మా, బయట తీసుకోండి’ అన్న మాట మీ అమ్మగారు కిటికీ బయట నిలబడి విన్నారు. లోపల నిలబడి ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే లోపల ఏం జరుగుతుందో చెబితేనే మీరు ఎక్కడ పట్టుకోవాలో అర్థమవుతుంది.

మన రాష్ట్రంలో ప్రభుత్వ మందులు కొనేది ఏపీఎంఎస్ఐడీసీ అనే సంస్థ. అది టెండరు పిలిచి కంపెనీలకు ఆర్డరిస్తుంది. సరుకు జిల్లా గిడ్డంగికి వస్తుంది, దాన్ని మేం సెంట్రల్ డ్రగ్ స్టోర్ అంటాం. వచ్చిన సరుకును వెంటనే పంచరు. ప్రతి బ్యాచ్ నుంచి శాంపిల్ తీసి ల్యాబుకు పంపి, రిపోర్టు వచ్చేదాకా పక్కన పెడతారు. ఈ జాగ్రత్త ఉండాల్సిందే, దాన్ని నేను తప్పుపట్టను. ఆ తర్వాత ప్రతి ఆసుపత్రి మూడు నెలలకోసారి ఇండెంట్ పెడుతుంది, అంటే ఫలానా మందు ఇన్ని కావాలని అడగడం. ఇదంతా ఈ-ఔషధి అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో నడుస్తుంది. టెండరుకు కంపెనీలు రాకపోయినా, పాత బిల్లులు అందక సప్లయర్ సరుకు ఆపినా, ల్యాబు రిపోర్టు ఆలస్యమైనా చివరికి కిటికీ దగ్గర పేషెంటుకు వినపడేది ఒకటే మాట, స్టాక్ లేదు.

ఇవన్నీ పైన జరిగేవి, మీరూ నేనూ సరిచేయలేం. కింద జరిగేది ఇంకొకటి ఉంది. దాని గురించి పేషెంట్లకు ఎవరూ చెప్పరు. నాకు అర్థం కావడానికే పన్నెండేళ్లు పట్టింది.

అప్పట్లో నేను ఒక పీహెచ్‌సీలో ఉన్నాను. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. ఒక వేసవిలో లోసార్టాన్ అయిపోయింది. రోజుకు ఇరవై, ముప్పై మంది బీపీ వాళ్లు వస్తుంటే అందరికీ నోటితోనే ‘లేదు’ అని పంపించేవాడిని. అలా మూడు నెలలు గడిచాక ఇండెంట్ పెట్టే రోజు వచ్చింది. మేం ఎంత అడగాలన్నది పోయిన మూడు నెలల్లో ఎంత వాడామన్న లెక్క మీద ఆధారపడుతుంది. రిజిస్టరు తీసి చూస్తే లోసార్టాన్ వాడకం సున్నా. లేని మందును ఇవ్వలేదు కాబట్టి సున్నా. ‘వాడకం లేదు కదా, ఇంత ఎందుకు?’ అని గిడ్డంగి వాళ్లు అడిగారు. నేను అడిగినదాంట్లో మూడో వంతు వచ్చింది. అది నెల తిరక్కుండానే అయిపోయింది. మళ్లీ రెండు నెలలు ‘లేదు’, మళ్లీ తక్కువ వాడకం, మళ్లీ తక్కువ సరఫరా.

ఆ మూడు నెలల్లో నేను తిప్పి పంపిన మనుషుల్లో ఒక్కరి గురించి కూడా ఎక్కడా ఒక్క అక్షరం లేదు. వాళ్లు వచ్చారని ఓపీ రిజిస్టరు చెబుతుంది. డాక్టరు మందు రాశారని చీటీ చెబుతుంది. కిటికీ దగ్గర ఆ మందు దొరకలేదని ఏ కాగితమూ చెప్పదు. ఆ చీటీలో ఉన్న నాలుగు మందుల్లో రెండిచ్చినా మా లెక్కలో అది ‘మందులిచ్చాం’ కిందికే పోతుంది.

ఆ రోజు నుంచి కౌంటర్ మీద ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాను. తేదీ, ఓపీ నంబరు, లేని మందు పేరు, రాసిన మాత్రలు ఎన్ని, అంతే. ఒక్కో లైను రాయడానికి పది సెకన్లు పడుతుంది. మూడు నెలలయ్యాక మా మెడికల్ ఆఫీసర్ ఆ పేజీల లెక్క కూడి, ఇండెంట్‌తో పాటు ఒక లెటర్ పెట్టారు. ఆ దఫా లోసార్టాన్ మేం అడిగినంతా రాలేదు గానీ, అంతకుముందు వచ్చినదానికి రెట్టింపు వచ్చింది. పైవాళ్లు చెడ్డవాళ్లై ముందు ఇవ్వకపోవడం కాదు. కావాలన్న సంగతి వాళ్లకు చేరే దారే లేకపోయింది.

అందుకే మీరు చేయాల్సిన మొదటి పని ఇది. ఈసారి అమ్మగారు ఆసుపత్రికి వెళ్లినప్పుడు, లేదన్న మందు పక్కన చీటీ మీదే ‘స్టాక్ లేదు’ అని రాసి తేదీ వేయమని ఫార్మసిస్టును అడగాలి. గొడవ పడాల్సిన పని లేదు. ‘సార్, మా అబ్బాయికి చూపించాలి, కాస్త రాసివ్వండి’ అంటే చాలు. చాలామంది రాసిస్తారు. రాయనంటే డాక్టరమ్మ దగ్గరికో, సార్ దగ్గరికో వెళ్లి అదే మాట అడగాలి. ఆ చీటీని ఫోటో తీసి మీకు వాట్సాప్‌లో పంపమనండి. అలాంటి చీటీలు రెండు నెలలవి రెండు ఉంటే అది ఫిర్యాదు కాదు, సాక్ష్యం.

ఇక రెండో విషయం. లేదన్నారు కాబట్టి నిజంగానే లేదని వెంటనే అనుకోకండి. ఇది చాలాసార్లు చూశాను. మనవైపు వాళ్లు వేలూరు పోయి చూపించుకుంటారు, తిరుపతిలో ప్రైవేటు డాక్టరుకు చూపించుకుంటారు, తర్వాత ఆ చీటీ పట్టుకుని నెలనెలా మందులకు పీహెచ్‌సీకి వస్తారు. ఆ చీటీ మీద ఉండేది బ్రాండు పేరు, అదీ రెండు మందులు కలిపిన మాత్ర. టెల్మా-ఏఎం అని ఉంటుంది. అది టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిపిన మాత్ర. గ్లైకోమెట్ జీపీ అంటే మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. ఎకోస్ప్రిన్ ఏవీ అంటే ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్. ప్రభుత్వ సరఫరాలో ఇవి సాధారణంగా విడివిడిగా వస్తాయి. కౌంటర్లో రద్దీగా ఉన్నప్పుడు ఫార్మసిస్టు ఆ బ్రాండు పేరు చూసి ‘లేదు’ అనేస్తాడు. వెనక అరలో ఆ రెండు మందులూ రెండు డబ్బాల్లో ఉంటాయి.

ఫార్మసిస్టు తనంతట తాను మార్చి ఇవ్వడానికీ లేదు. డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూల్ ప్రకారం డాక్టరు రాసినదాని బదులు ఇంకొకటి ఇవ్వకూడదు. మార్చి రాయాల్సింది అక్కడి డాక్టరే. కాబట్టి బయటి చీటీతో నేరుగా మందుల కిటికీ దగ్గరికి వెళ్లొద్దు. ముందు ఓపీ చీటీ తీసుకుని, డాక్టరుకు పాత చీటీ చూపించి, ‘ఇవే మందులు ఇక్కడున్న పేర్లతో రాయండి’ అని అడగాలి. డాక్టర్లు మందు అసలు పేరు, వీలైతే పెద్ద అక్షరాల్లో, అర్థమయ్యేలా రాయాలని 2016లోనే మెడికల్ కౌన్సిల్ నిబంధన మార్చింది. అది అందరూ పాటించి ఉంటే సగం మంది తిరుగు ముఖం పట్టేవాళ్లు కాదు. మీ అమ్మగారికి లేదన్న ఆ రెండూ ఏంటో మీరు రాయలేదు. పాత స్ట్రిప్ వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉన్న అసలు పేరు చూడండి. అందులో రెండు పేర్లుంటే మీ సమస్య స్టాక్ కాదు, చీటీ.

స్ట్రిప్ అన్నాను కాబట్టి ఒకావిడ గురించి చెప్పాలి. చంద్రగిరి వైపు నుంచి వచ్చే ఒక అవ్వ. ఒకసారి తల తిరుగుతోంది, కాళ్లు వాచాయి అని వచ్చింది. డాక్టరు బీపీ చూస్తే బాగా పడిపోయి ఉంది. ‘అవ్వా, నీ మాత్రలన్నీ ఒకసారి చూపించు’ అంటే కొంగుకు కట్టుకున్న ప్లాస్టిక్ కవరు విప్పి నా బల్ల మీద పోసింది. అందులో ఎర్ర అక్షరాల స్ట్రిప్ ఒకటి, నీలం అక్షరాలది ఒకటి. రెండూ ఆమ్లోడిపిన్ 5. పోయిన దఫా ఒక కంపెనీది వచ్చింది, ఈ దఫా ఇంకో కంపెనీది. రంగు మారింది కాబట్టి అవి వేర్వేరు మందులనుకుని రెండూ వేసుకుంటోంది. తప్పు ఆమెది కాదు. కొత్త స్ట్రిప్ చేతికిచ్చేటప్పుడు ‘ఇది పాతదే, రంగు మారింది, పాతవి అయ్యాకే ఇది మొదలుపెట్టు’ అని చెప్పాల్సింది మేము. ఇదే కారణంగా కొందరు ‘ఇది నా మాత్ర కాదు’ అని మొత్తం మానేస్తారు కూడా. మందు చేతికి అందినా ఒంటికి అందకపోవడం అంటే ఇదే. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు అమ్మగారి కవరు మీరే ఒకసారి మంచం మీద పోసి చూడండి.

అవ్వకు చదువు రాదు. ఆ తర్వాత ఆమెకు రాత్రి మాత్ర స్ట్రిప్ మూల కత్తిరించి ఇచ్చేవాడిని. మూల తెగినది రాత్రికి, తెగనిది పొద్దుటికి. అలా ఇచ్చాక మళ్లీ పొరపడలేదు.

ఇన్సులిన్ వాడేవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట, ఇది ప్రమాదంతో కూడిన విషయం. ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చే ఇన్సులిన్ సీసా మామూలుగా ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. బయట దొరికే కొన్ని రకాలు 100 యూనిట్లవి, వాటికి నారింజ రంగు మూత సిరంజి. ఆసుపత్రిలో దొరక్క బయట సీసా కొన్నప్పుడు పాత సిరంజితోనే వేసుకుంటే డోసు రెండున్నర రెట్లు అవుతుంది, మనిషి షుగర్ పడిపోయి స్పృహ తప్పుతాడు. సీసా మారితే దాని మీద అంకె చూసి సిరంజి కూడా మార్చండి.

దూరం గురించి కూడా చెప్పాలి. ‘ఉచితం’ అన్నదాంట్లో ఈ ఖర్చు ఎవరూ లెక్కేయరు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లె వెలుగు బస్సుల్లో ఛార్జీ లేదు, అది నిజంగా మేలు చేసింది. బస్సు రాని ఊర్ల నుంచి ఆటో ఛార్జీ ఉంటుంది. వేరుశనగ పీకే రోజుల్లో, మామిడి కోతల్లో ఒక పూట పోతే కూలి పోయినట్టే. అలా వచ్చినవాళ్లకు పది రోజులకే మాత్రలిచ్చి మళ్లీ రమ్మంటే ఎంతమంది వస్తారు? స్టాక్ తక్కువగా ఉన్నప్పుడు నేనూ అలా పది పదిగా పంచాను, అందరికీ కొంచెమైనా అందాలని. ఇప్పుడు ఆలోచిస్తే అది తప్పు అనిపిస్తుంది. పది రోజులకు తీసుకున్నవాళ్లలో చాలామంది పదకొండో రోజున రాలేదు. మళ్లీ నెల తర్వాత కనిపించారు, మధ్యలో ఇరవై రోజులు మాత్ర లేకుండానే గడిపారు. నిలకడగా ఉన్న బీపీ, షుగర్ పేషెంట్లకు నెలకు సరిపడా ఇవ్వమని అడగండి, అడిగితే ఇస్తారు.

పీహెచ్‌సీ ఒక్కటే దారి కాదు కూడా. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో విలేజ్ క్లినిక్ ఉంటుంది, అక్కడ సీహెచ్ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) ఉంటారు. కేంద్రం పెట్టిన జాబితా ప్రకారం గ్రామ స్థాయి కేంద్రంలో వందకు పైగా రకాలు, పీహెచ్‌సీలో 172 రకాల మందులు ఉండాలి. మామూలు బీపీ, షుగర్ మాత్రలు రెండు చోట్లా ఉండాల్సినవే. 104 బండి, అంటే ఊరూరా తిరిగే వైద్య వాహనం, డాక్టరుతో సహా ఊరికి వచ్చే తేదీ ఆశా కార్యకర్తకు తెలుస్తుంది. ఆ తేదీ అమ్మగారి క్యాలెండరు మీద రాసి పెట్టండి. ఒకచోట అయిపోయిన మందు ఇంకోచోట ఉండటం చాలా మామూలు. పీహెచ్‌సీ ఫార్మసిస్టు తలుచుకుంటే పక్క పీహెచ్‌సీలో ఎక్కువున్నది ఈ-ఔషధిలో చూసి తెప్పించగలడు కూడా. నేను చాలాసార్లు బండి మీద వెళ్లి అట్టపెట్టె కట్టుకుని తెచ్చాను.

గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్ల ఇబ్బంది వేరు. ఎన్టీఆర్ వైద్య సేవ (ఒకప్పటి ఆరోగ్యశ్రీ) పథకం కింద ఆపరేషన్ ఉచితంగా అవుతుంది, డిశ్చార్జి అయ్యాక 10 రోజుల మందులు కూడా ప్యాకేజీలోనే ఇస్తారు. పదకొండో రోజు నుంచి ఎక్కడ తీసుకోవాలో చాలామందికి తెలియదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ లాంటి మందు ఒక్క వారం తప్పినా స్టెంటు మూసుకుపోయే ప్రమాదం ఉంది. కొన్ని ఆపరేషన్లకు ఏడాదిపాటు ఫాలో-అప్ ప్యాకేజీ ఉంది. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో, ఇంటికి రాకముందే, ‘మాకు ఫాలో-అప్ వర్తిస్తుందా, మళ్లీ ఏ తేదీన రావాలి’ అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఇప్పుడు ఎవరిని అడగాలన్న మీ ప్రశ్న. మొదట మెడికల్ ఆఫీసర్‌ను. ప్రతి ఆసుపత్రికి అభివృద్ధి సంఘం నిధులుంటాయి. సరఫరా ఆగినప్పుడు అవసరమైన మందు స్థానికంగా కొనడానికి వీలుంది. ‘స్టాక్ లేదు’ అని రాసిన చీటీ చూపించి, లోకల్ పర్చేజ్ చేయించగలరా అని మర్యాదగా అడిగితే చాలామంది డాక్టర్లు చేస్తారు. వాళ్లకూ ఆడిట్ భయం ఉంటుంది, ఆ చీటీ వాళ్లకూ ఆధారం అవుతుంది. పదిమంది పేషెంట్ల చీటీలు కలిపి ఇస్తే ఇంకా సులువు. మీ ఊళ్లో అదే మాత్ర వాడేవాళ్లు కనీసం అయిదారుగురు ఉండకపోరు.

అక్కడ కాకపోతే తిరుపతిలో డీఎంహెచ్ఓ (జిల్లా వైద్యారోగ్య అధికారి) ఆఫీసు. ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీలో కోపమంతా రాయొద్దు. ఆసుపత్రి పేరు, మందు పేరు, ఏ తేదీల్లో లేదన్నారు, చీటీల జిరాక్సులు, అరపేజీ చాలు. ‘మందులు సరిగా ఇవ్వడం లేదు’ అని రాసిన అర్జీకి ‘మందులు ఇస్తున్నాం’ అని జవాబు వస్తుంది, ఆ జవాబులు రాసిన టేబుల్ దగ్గర నేనూ కూర్చున్నాను. ‘ఫలానా తేదీన గ్లిమెపిరైడ్ 30 మాత్రలు రాశారు, ఇవ్వలేదు’ అని రాస్తే మాత్రం స్టాక్ రిజిస్టరు తీసి చూడాల్సి వస్తుంది. ఇంకా కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ మందు గత ఆరు నెలల స్టాక్ రిజిస్టరు పేజీల నకలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి.

ఒక విన్నపం. కిటికీలో కూర్చున్న ఫార్మసిస్టు మీద అరవకండి, వీడియో తీయకండి. ఒక పీహెచ్‌సీకి మామూలుగా ఒక్కడే ఉంటాడు. మందులివ్వడం, కంప్యూటర్లో ఎక్కించడం, గిడ్డంగికి వెళ్లి సరుకు తేవడం, ఎక్స్‌పైరీ చూసుకోవడం అన్నీ అతనే. గిడ్డంగికి వెళ్లిన రోజున కిటికీ మూసే ఉంటుంది. మీరు అడగాల్సింది అతని చేత ఒక్క లైను రాయించడం. అది అతనికీ మేలే, మూడు నెలల తర్వాత ఇండెంట్ పెట్టేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

మీ విషయంలో ఇప్పుడు నాకు కావాల్సినవి రెండు. అమ్మగారి దగ్గర ఒక్కో రకం ఎన్ని మాత్రలు మిగిలాయో ఈ సాయంత్రం లెక్కపెట్టించండి. లేదన్న ఆ రెండు మందుల స్ట్రిప్‌ల వెనక వైపు ఉన్న పేర్లు, ఎంజీ అంకెలతో సహా ఇక్కడే రాయండి. అవి ప్రభుత్వ సరఫరాలో ఏ పేరుతో వస్తాయో నేను చెబుతాను, డాక్టరు దగ్గర ఏమని అడగాలో అమ్మగారికి తెలుగులో ఒక చీటీ మీద రాసి పంపొచ్చు.